లిసాండ్రో వెళ్ళిన దారి

“ఇంకొంచెం లోతుగా కొట్టు,” అంది ఒతీలియా.

నాబోర్ సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎదురుగా స్టాండు మీద మోటారుసైకిలు. దాని ఎర్ర ట్యాంకు మీద రంగు ఇంకా వాసనేస్తూనే ఉంది.

“రంగేసిన చేత్తోనే సొట్ట పెట్టమంటావేంటక్కా?”

“మావాడి బండికి ఉందిగా. గేటుకి గుద్దాడు. ఎడమపక్క, నా అరచెయ్యంత.”

“ఉంటే మాత్రం? సొట్టలు తియ్యడం నా పని. పెట్టడం కాదు.”

“కొట్టు నాబోర్.”

అతను కొట్టాడు. ఆమె వంగి, సొట్టలో అరచెయ్యి ఆనించి చూసుకుని తలూపింది.

పాత ఇనుము లారీలోంచి దింపిన రోజున ఆ బండి ఉత్త తుప్పు కుప్ప. ఎక్కడ దొరికిందని నాబోర్ అడిగితే “దొరికింది” అని మాత్రం చెప్పింది. లెయోన్ పట్నం శివార్లలో నాబోర్ నడిపే ఆ షెడ్డుకి ఆమె కొడుకు లిసాండ్రో రోజూ వచ్చేవాడు. కొన్నేళ్ళ కిందట జకాతెకాస్ ఊరి మీదుగా కొండలు దాటి, సముద్రం చూసి వస్తానని బండి మీద బయల్దేరాడు. మనిషీ రాలేదు, బండీ రాలేదు. వెతికినవాళ్ళు విసిగి మానేశారు. అందుకే నాబోర్ ఆమెను గుచ్చి గుచ్చి అడగలేదు.

ఇంజను పని అతనిది. మిగతాదంతా ఆమె పట్టుదల. తెల్లమచ్చ ఉన్న ఆవుతోలు వెతికి తెచ్చి సీటు తనే కుట్టింది. లైటు చుట్టూ పసుపుపచ్చ టేపు చుట్టింది. సైలెన్సర్‌కి చిల్లి పెట్టించింది. లిసాండ్రో బండి వీధి మలుపులో ఉండగానే ముసలాడు దగ్గినట్టు వినబడేది.

చివరికి బండి స్టార్ట్ చేసినప్పుడు నాబోర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“వాడే వచ్చి వాకిట్లో ఆపినట్టుందక్కా. నాకే ఒళ్ళు జలదరిస్తోంది.”

“అయితే సరిపోయింది,” అంది ఒతీలియా.

జుట్టు నెరిశాక ఆమె బండి నేర్చుకుంది. రెండుసార్లు పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. కొడుకు తోలు కోటు వేసుకుని, నల్ల అద్దం ఉన్న హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతుంటే నాబోర్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

“ఆ దారులు మంచివి కావు. నువ్వు పోయి సముద్రం చూస్తే వాడు చూసినట్టవుతుందా?”

“వాడు పోయిన దారంతా ఒకసారి పోవాలి. అడ్డం లే.”

జకాతెకాస్ దాటాక నేల ఎర్రబడింది. ఎటు చూసినా ముళ్ళ కలబంద, దూరంగా నీలం కొండలు. ప్రతి ఊళ్ళోనూ ఆమె చర్చి ముందు మైదానం చుట్టూ ఒకసారి తిరిగేది. తర్వాత నీడలో బండి ఆపి, హెల్మెట్ తియ్యకుండా కాసేపు కూర్చునేది. కొందరు తేరిపార చూసేవాళ్ళు. చాలామంది పట్టించుకునేవాళ్ళు కాదు.

కొండదారి మొదట్లో గోర్దితా రొట్టెలు కాలుస్తున్న ఒక ముసలామె మాత్రం బండి దగ్గు వినగానే తలెత్తింది. పిండి చేతులతోనే లేచి వచ్చింది.

“వచ్చావా నాయనా? తిరిగొచ్చేటప్పుడు ఆగుతానని ఇన్నేళ్ళకా? నీకు కారం లేకుండా చెయ్యాలి కదూ?”

ఒతీలియా హెల్మెట్ తీసింది. ముసలామె మొహం పాలిపోయింది. గబగబా గుండెల మీద సిలువ గీసుకుంది.

“ఆ అబ్బాయి...”

“నా కొడుకు. ఎటు పోయాడమ్మా?”

“పైకి. శాంతా మొనికా ఊరి వైపు.” ఆమె గొంతు తగ్గించింది. “నువ్వు పోకు తల్లీ. కింద నుంచే సముద్రానికి దారుంది.”

ఒతీలియా హెల్మెట్ పెట్టుకుని పైకే పోయింది.

శాంతా మొనికాలో అడుగు పెట్టేసరికి ఆదివారం ప్రార్థన ముగుస్తోంది. బండి చప్పుడు సందుల్లోకి పాకేకొద్దీ మాటలు ఆగిపోయాయి. ఒక ఇంటి తలుపు మూసుకుంది. తర్వాత దాని పక్కది. కుక్క ఒకటి మొరగబోయి, తోక ముడుచుకుని తప్పుకుంది.

ఎప్పటిలాగే మైదానం చుట్టూ తిరిగి, పంక్చర్ షాపు ముందు ఆపింది. టైరు పట్టుకుని బయటికొచ్చిన బక్కపలచటి మనిషి బండిని చూశాడు. చేతిలోని టైరు జారి దొర్లిపోయింది. దాని వెంట అతను చూడనైనా లేదు.

దగ్గరికొచ్చాడు. సీటు మీది తెల్లమచ్చను వేలితో తాకి, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. నల్ల అద్దంలోకి చూస్తూ అడిగాడు.

“బావిలోంచి ఎట్లా వచ్చావు?”

గొంతు పెద్దదేమీ కాదు. కానీ చర్చి మెట్లు దిగుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

ఒతీలియా హెల్మెట్ తియ్యలేదు. ఇంజను ఆపలేదు.

“మూసేసిన గని దగ్గర బావిలో వేశాం నిన్ను. బండినీ నీ మీదే పడేశాం. రాళ్ళు నింపాం.” అతని మోకాళ్ళు మట్టిని తాకాయి. “నేను వద్దనే చెప్పాను. వాళ్ళు వినలేదు. బండి చూసి ఆశపడ్డామా అంటే అదీ కాదు. చూడకూడనిది చూశావు నువ్వు.”

ఒతీలియా మెల్లగా హెల్మెట్ తీసింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. అతను అర్థంకానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది.

“నువ్వు... వాడి తల్లివా?”

ఆమె తలూపింది. ఇన్నేళ్ళూ తలుపు చప్పుడైన ప్రతిసారీ లేచి చూసింది. ఇక లేవక్కర్లేదు.

“రాళ్ళ కిందనుంచి దీన్ని ఎవరు తీశారు?” అన్నాడతను, ఏడుపు గొంతుతో.

మెట్ల మీద జనం వింటున్నారు. ఒతీలియా ఇంజను ఆపింది.

“ఇది మావాడి బండి కాదు నాయనా.”