ఇళ్ల వరస

"వీడు మా అన్న కొడుకు కాదు," అన్నాడు ఉబాకా పెద్దలందరి ముందూ. "యుద్ధం ముగిసి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ ఏ కలుగులో దాక్కున్నాడట?"

ఎకెమ్మా మరిది వైపు చూడకుండా ఆ వచ్చినవాణ్నే చూసింది. ఆమె కొడుకు ఒసొండు పదహారేళ్లప్పుడు, వేరే దేశం కావాలని పోరాడిన బయాఫ్రా సైన్యంలోకి పోయాడు, అప్పటికి మీసం కూడా మొలవలేదు. ఒసొండునంటూ ఇప్పుడొచ్చినవాడికి గుబురు గడ్డం, మొహం సగం కాలిపోయి ఉంది. వీడు కొడుకని తేలితే ఇల్లూ పెండలం చేనూ ఆమెకు నిలుస్తాయి. కాదంటే మగదిక్కు లేని కొంప మరిది పాలవుతుంది. ఉబాకా ఆ తీర్పు దాకా కూడా ఆగలేదు, అప్పుడే ఆమె చేలో సగం వరకూ తన దుంపలు పాతేసుకున్నాడు.

వంశంలో అందరికన్నా పెద్దవాడు ఇలోబా తాంబూలంలా నలుగురికీ చూపి పంచుకునే కోలా గింజల పళ్లెం తెప్పించాడు. తొమ్మిదిళ్ల వంశం వాళ్లది. నలుగురూ కూడిన చోట ఆ పళ్లెం ఏ ఇంటి తర్వాత ఏ ఇంటివాళ్లకు చూపాలో ఒక వరస ఉంది. అది తండ్రి పక్కన కూర్చుని పెరిగిన మగపిల్లలకే తెలుస్తుంది.

"పట్టుకో అబ్బీ," అన్నాడు ముసలాయన. "ఒక్క ఇల్లు తప్పినా వచ్చిన దారినే పోవాలి."

ఆ మనిషి లేచాడు. అందరూ అతని అడుగులే చూస్తున్నారు. ఎకెమ్మా మాత్రం చేతులు చూస్తూ కూర్చుంది. అతను పళ్లెం కుడిచేత్తో అందుకున్నాడు, కుడిచేత్తోనే చాచాడు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఎప్పుడో అలిగి వాగు అవతలకు పోయి కాపురముంటున్న ఏడో ఇంటివాళ్లను కూడా మరిచిపోలేదు. ఒక్క ఇల్లు తప్పలేదు, ఒక్కసారి చెయ్యి తడబడలేదు.

ఉబాకా మొహం మాడిపోయింది. తల్లి నోటితో చెప్పించమని పట్టుబట్టాడు.

ఎకెమ్మా అతని కుడిచేతి వైపు మరోసారి చూసింది. ఉబాకా కళ్లలో మళ్లీ ఆశ పుట్టింది. ఆమె లేచి అతని పక్కకు వెళ్లి నిలబడింది.

"నా కొడుకే," అంది.

అతన్ని ఇంట్లోకి తీసుకెళ్లి పీట వేసింది. దంచిన పెండలం ముద్ద, చేదాకు పులుసు ముందు పెట్టింది. అతను చెయ్యి కడుక్కుని ముద్ద తుంచాడు. ఆమె తలుపు దగ్గరకు వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మావాడిది పుర్రచేతి వాటం," అంది మెల్లగా. "పెద్దల ముందు ఎడంచెయ్యి చాపుతున్నాడని ఎన్ని దెబ్బలు కొట్టానో. అయినా ముందు అదే వచ్చేది."

ముద్ద అతని చేతిలోనే ఆగిపోయింది.

"తిను నాయనా. ఇక్కడే ఉందువుగాని, నిన్నెవరూ పొమ్మనరు. ఇళ్ల వరస వాడు నీకు బాగానే నేర్పాడు. వాణ్ని ఎక్కడ పూడ్చిపెట్టావో అదొక్కటీ నాకు చెప్పు."