గుమ్మం దాటిన వంగ మొలక

వంటింటి కిటికీలో, కొబ్బరి చిప్పలో ఓ వంగ మొలక పెరుగుతోంది. దానికి పెద్దదిక్కు నేనేనని గోడ మీది బల్లి చెప్పుకునేది.

నాలుగాకులు రాగానే ఇంటావిడ నూకాలమ్మ చిప్పని ఓ గంట పెరటి ఎండలో ఉంచి, లోపలికి తెచ్చింది. మొలక తల వేలాడేసింది.

“బయటికెళ్తే అంతే మరి. నేను పుట్టి బుద్ధెరిగి ఈ గోడ దిగలేదు,” అంది బల్లి.

“రేపు రెండు గంటలుంటాను,” అంది మొలక.

మర్నాడు ఓ ఆకు మాడింది.

“ఇంకా పోతావా?”

“మూడున్నాయిగా! పోతాను.”

రోజూ కాస్త ఎక్కువసేపు ఎండనీ గాలినీ తట్టుకుంది. ఎనిమిదోనాడు సాయంత్రం చల్లబడ్డాక నూకాలమ్మ చిప్ప చేతిలోకి తీసుకుంది. “కాడ గట్టిపడింది. ఇక బయట బతికేస్తుంది,” అనుకుంది.

“బతకదు! బతకదు!” అని బల్లి గోల పెట్టింది. నూకాలమ్మకి వినిపించింది టిక్‌టిక్ చప్పుడే.

“సత్యం! బల్లి కూడా పలికింది,” అని మురిసిపోతూ మొక్కని పెరటి మడిలో నాటేసింది.

మర్నాడు ఈదురుగాలి లేచింది. బల్లి కిటికీలోంచి అరిచింది: “వచ్చెయ్యవే! నీ చోటు ఖాళీగానే ఉంది!”

“నా చోటు ఇదే. గోడ వదలగలిగితే నువ్వే రా!” అంది వంగ మొక్క, ఊగుతూనే.

బల్లి గోడని ఇంకాస్త గట్టిగా కరుచుకుంది.