ఏడో గంట

“మళ్లీ ఆగిపోయిందా?” గుమ్మంలోంచి అడిగింది ఆవిడ.

“ఏడో గంటలో. ఇంకొక్క గంట నిలబడి ఉంటే గట్టెక్కేది,” అన్నాడు అతను, నల్లబడిన స్క్రీన్ వంక చూస్తూ.

“అయితే మళ్లీ వచ్చే ఆదివారమేనా?”

“తప్పదు. మొదటి నుంచీ పెట్టాల్సిందే.”

“ఈ డబ్బాకి మోక్షం ఎప్పుడో,” అని గొణుక్కుంటూ ఆవిడ కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది.

అతనిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. నాలుగు నెలలుగా ఒంటరిగా ఉంటున్నది కూడా ఆ దుకాణం వెనక గదిలోనే; ఆదివారాలు మాత్రం ఈ ఇంటికి వస్తాడు. భార్య విడాకుల కాగితాలు తెచ్చి ముందు పెట్టిన రోజున “నీ ఇష్టం” అన్నాడు తప్ప, ఎందుకని కూడా అడగలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. కూతురు బొమ్మల సినిమాలు చేయడం నేర్చుకుంటోంది, దాని కంప్యూటరేమో నత్తనడక నడుస్తోంది. వేగం పెంచి, నికరంగా పనిచేస్తుందని తేల్చాకే సంతకం పెడతానన్నాడు. చేపట్టిన పని మధ్యలో వదలడం తనకి చేతకాదన్నాడు.

“కాపురం ఒక్కటి తప్ప,” అంది ఆవిడ అప్పుడు.

కంపెనీ ఇచ్చిన వేగం మీద ఐదు మెట్లు పెంచాడు. అలా ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాన్ని ఊరికే నమ్మకూడదు. ఊపిరాడనంత పని అప్పగించి, పక్కన కూర్చుని చూడాలి.

“ఎంతసేపు చూడాలి నాన్నా?” అని కూతురు మొదటి ఆదివారమే అడిగింది.

“గంటసేపు చూస్తే పెద్ద లోపాలు బయటపడతాయి. కొన్ని ఉంటాయి, లోపల వేడి పేరుకుని పేరుకుని ఆరేడు గంటలకి గానీ బయటపడవు. రోజంతా చూసేవాళ్లూ ఉన్నారు. నా లెక్క ఎనిమిది గంటలు. మధ్యలో ఆగిందా, ఒక మెట్టు తగ్గించి మళ్లీ ఒకటో గంట నుంచి.”

మెట్టు మార్చడం కూడా ఆ రోజే చూపించాడు. కంప్యూటరు ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కాలి. ఒక జాబితా వస్తుంది. అందులో వేగం పక్కన ఉన్న అంకె మార్చి, భద్రం చేయాలి.

“ఓస్, ఇంతేనా! దీనికి నువ్వు దుకాణం కూడా పెట్టావా?” అని నవ్వింది కూతురు.

“నన్ను మాత్రం ఆ డబ్బా జోలికి పిలవకండి,” అంది గుమ్మంలో కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న తల్లి.

ఆవిడ నలుగురికీ బట్టలు కుడుతుంది. గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్ద ఆవిడ వేళ్లని ఎన్నిసార్లు కడిగినా వదలదు. మధ్యాహ్నం అతని పక్కన మంచినీళ్లు పెట్టి పోతే గ్లాసు మీద కూడా నీలం వేలిముద్ర పడుతుంది. ఇరవై ఏళ్ల అలవాటుగా అతను దాన్ని చొక్కా అంచుతో తుడిచి తాగుతాడు.

ఇప్పుడు ఆ గ్లాసు పక్కకి జరిపి, మెట్టు తగ్గిద్దామని జాబితా తెరిచాడు. ఏ వారం ఎన్ని మెట్లో రాసిపెట్టుకునే తన కార్డు మీద ఉన్నది మూడు. యంత్రంలో ఉన్నది నాలుగు. పోయిన ఆదివారం కూడా ఇలాగే మూడుకి బదులు నాలుగు ఉంటే, భద్రం చేయడం మరిచాననుకున్నాడు. రెండోసారి కూడా మరుస్తాడా?

కూతుర్ని పిలిచాడు. “ఇది నువ్వే పెంచావా తల్లీ?”

“నేనా? లేదు నాన్నా.”

“ఈ ఇంట్లో ఇంకెవరికి తెలుసు ఇది?”

పక్కగదిలో కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. అతను గొంతు తగ్గించాడు.

“నేను వస్తూ ఉండాలని నీకుంటుంది. నాకు తెలీదా? కానీ నువ్వొక్కదానివి పట్టుకుంటే నిలబడేది కాదమ్మా ఇది. మీ అమ్మకి నేను అక్కర్లేదు. అక్కర్లేని చోట ఎన్నాళ్లని కూర్చోను?”

“నేను కాదంటుంటే! నీకెప్పుడూ డబ్బాలు చెప్పేదే వినిపిస్తుంది, మనుషులు చెప్పేది వినిపించదు,” అంటూ కళ్లనీళ్లతో వెళ్లిపోయింది కూతురు.

అతను మూడుకి తగ్గించి, జాబితాకి పాస్‌వర్డ్ పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం కూతురికి కొత్త కీబోర్డు పట్టుకొచ్చి, పాతది సంచిలో వేసుకున్నాడు. పిల్ల ఇంకా అలకలోనే ఉంది, థాంక్స్ కూడా చెప్పలేదు. పరీక్ష మొదలైంది. ఆ రోజు ఆవిడ గంటకోసారి గుమ్మంలోకి వచ్చింది.

“ఎన్ని?”

“ఐదు.”

“ఎన్ని?”

“ఏడు. ఈసారి నిలబడేలా ఉంది.”

ఆ తర్వాత ఇక రాలేదు.

ఎనిమిది గంటలూ పూర్తయ్యాయి. అతనే లేచి పక్కగదిలోకి వెళ్లాడు. ఆవిడ బల్ల మీద గుడ్డముక్కలు పక్కకి నెట్టి, కాగితాలు పరిచింది.

“ఒకసారి చదువుకోండి.”

“చదివేదేముంది, నువ్వు రాయించినవేగా.”

“అయినా... అంత తొందరేముంది?”

“తొందరపడింది నువ్వేగా.”

ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. అతను మూడు చోట్లా సంతకం పెట్టి, కలం మూత బిగించి, సంచి భుజాన వేసుకున్నాడు.

“కంప్యూటరు ఫ్యాన్‌కి దుమ్ము పట్టకుండా చూసుకోమను అమ్మాయిని,” అన్నాడు గుమ్మం దగ్గర.

“చెబుతాను.”

మర్నాడు పొద్దున్నే లాయరు గుమాస్తా వచ్చి కాగితాలు తీసుకెళ్లాడట. కూతురు ఫోను చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

చెయ్యి ఖాళీగా ఉంచలేక అతను పాత కీబోర్డు తీశాడు. దుకాణం ముందు ఎండలో కూర్చుని బోర్లించి తడితే కూతురి పెన్సిలు రబ్బరు తుక్కు రాలింది. కుంచెతో ఒక్కొక్క వరసే తుడుచుకుంటూ పైకి వచ్చాడు. కుంచె ఆగిపోయింది.

డిలీట్ కీ మీద నీలం వేలిముద్ర ఉంది.