పంజరంలోకి తాజా పేపరు

నలభై రెండు రోజులుగా దానియేలు దొంగ. రోజూ పొద్దున ఐదున్నరకి నాలుగో అంతస్తుకి వెళ్ళి, వెంకటగిరియప్పగారి గుమ్మం ముందు పడున్న పేపరు ఎత్తుకొస్తున్నాడు. లిఫ్టులో కెమెరా ఉంది కనక మెట్ల దారి పట్టాడు. యాభై రెండేళ్ళ మనిషి, వైట్‌ఫీల్డ్‌లో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ, చప్పుడు కాకుండా షూ చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నాడంటే ఆయనకే నవ్వొచ్చేది. అదీ పిడికెడు కూడా లేని పిట్ట కోసం.

పిట్ట పేరు బంగారి. పసుప్పచ్చటి కేనరీ. దానియేలు భార్య రాచెల్ నర్సు. ఊరు మారిపోతున్న పేషెంటు ఒకావిడ దాన్ని పంజరంతో సహా రాచెల్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పంజరం అడుగున ఏం పరచాలన్న సమస్య మాత్రం దానియేలు నెత్తిన పడింది.

ఇసుక పోస్తే బంగారి దాన్ని ముక్కుతో ఎగజిమ్మి హాలంతా చల్లింది. రంపపు పొట్టు పోస్తే తుమ్మింది. పిట్టలు కూడా తుమ్ముతాయని ఆయనకి ఆ రోజే తెలిసింది. పాత కార్పెట్ ముక్క వేస్తే దారాల్లో గోళ్ళు చిక్కుకుని గోల చేసింది. చివరికి పక్షుల డాక్టరు, "ఏమీ వద్దు సార్, న్యూస్‌పేపర్ పరిచి రోజూ మార్చండి. రెట్ట చూస్తే దాని ఆరోగ్యం తెలిసిపోతుంది" అని తేల్చేశాడు.

"పాత పేపర్లు తేవద్దండీ. దుమ్మూ, బొద్దింక గుడ్లూ. ఏ రోజు పేపరు ఆ రోజే వేయాలి," అంది రాచెల్.

అక్కడే వచ్చింది చిక్కు. కిందటేడు అసోసియేషన్ మీటింగులో దానియేలు ఇరవై నిమిషాలు ఉపన్యాసం దంచాడు. చేతిలో ఫోనుండగా పేపరు తెప్పించుకునేవాడు చెట్లకి శత్రువన్నాడు. చప్పట్లు మోగాయి. ఒక్కరు తప్ప అందరూ పేపరు మానేశారు. గేటు పక్కన పేపర్ల కొట్టు మూతపడింది. ఇప్పుడు తన గుమ్మంలోనే పేపరు పడినా, బయట కొని చంకలో పెట్టుకొచ్చినా ఇంకేమన్నా ఉందా? ఉపన్యాసం ఇచ్చిన నోటిని తిట్టుకుని, దాన్ని లెక్కచేయని ఒకే ఒక్క మనిషి గుమ్మం వెతుక్కున్నాడు. ఆ మనిషి రిటైరైన పోలీసు కావడం తన ఖర్మ అనుకున్నాడు.

రాచెల్‌కి వాకింగ్ అని, పేపరు దారిలో కొంటున్నానని చెప్పాడు. మూడేళ్ళుగా షుగర్ డాక్టరు మొత్తుకున్నా కదలని మొగుడు షూ లేసులు కట్టుకుంటుంటే ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయనకి నిజంగా సిగ్గేసింది. అయినా వెళ్ళాడు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పేది కూడా ఆయనే. ‘దొంగిలకూడదు’ అనే ఎనిమిదో ఆజ్ఞ వచ్చేసరికి ఈమధ్య గబగబా తొమ్మిదికి దాటేస్తున్నాడు.

నలభై రెండో రోజు మధ్యాహ్నం వాచ్‌మన్ పిల్లప్ప వచ్చి తలుపు కొట్టాడు.

"సార్, ఫోర్త్ ఫ్లోర్‌లో పేపర్ దొంగ ఉండాడు సార్. నేను మోటర్ వేసి వచ్చేలోపల పేపరు మాయం."

దానియేలు పంజరం కనపడకుండా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఎవరో తెలిసిందా?"

"ఇంకెవురు సార్, ఆ ఊడ్చే రేణుకనే. పొద్దున్నే ఆ మెట్ల మీద తిరిగేది ఆమె ఒకతే గదా. సాయంత్రం మీటింగ్‌లో చెప్పి పనిలోంచి తీసేయండి సార్."

రేణుక ఆరింటికి గాని చీపురు పట్టదు. ఆ సంగతి దానియేలుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. అయినా ఆ మాట చెప్పాలంటే ఐదున్నరకి తనక్కడ ఏం చేస్తున్నాడో కూడా చెప్పాలి. చెప్తే సెక్రటరీ పదవి ఊడుతుంది, పిల్లలకి పాఠం చెప్పే మొహం ఉండదు. చెప్పకపోతే ఆమె కూడు పోతుంది.

గంటసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. పంజరంలో బంగారి ఆ రోజు హెడ్‌లైన్ల మీద తీరిగ్గా రెట్ట వేసుకుంటోంది. దానికున్న నిశ్చింత తనకి లేకపోయినందుకు ఏడుపొచ్చింది. లేచి మెట్లెక్కాడు. అలవాటు కొద్దీ షూ చేత్తోనే పట్టుకున్నాడు.

వెంకటగిరియప్ప బనీనుతో తలుపు తీసి, ఆ షూ వంక వింతగా చూశాడు.

"సార్, మీ పేపరు దొంగ రేణుక కాదు. నేను. మా పిట్ట కింద పరవడానికి. నలభై రెండు రోజులు. మీటింగులో మీరే చెప్పేయండి, రాజీనామా రాసిచ్చేస్తాను," అన్నాడు ఒక్క ఊపిరిలో.

"నా పేపరా?" ముసలాయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "నావి నువ్వు ఎత్తుకపోయింది ఒక్కటేనప్పా. కండ్ల ఆపరేషన్ అయినంక చదివేకి కాదని ఆ మర్నాడే ఆపేస్తిని."

"మరి రోజూ మీ గుమ్మం ముందు పడేది?"

వెంకటగిరియప్ప వస్తున్న నవ్వు ఆపుకుంటూ ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"మొదటి దినమే నిన్ను తలుపు కన్నంలోంచి చూసి మీ ఇంటామెకి ఫోన్ చేస్తిని, అప్పట్నుంచీ ఇక్కడ పేపరు వేయిస్తా ఉండేది ఆమేనప్పా, ‘వాకింగ్‌కి పొమ్మంటే పోరు గానీ దొంగతనానికైతే మెట్లెక్కుతా ఉన్నారు, షుగర్ కూడా దిగింది, వచ్చే నెల నుంచి ఆరో అంతస్తులో వేయిస్తా అంకుల్’ అంటా ఉండాది!"