దిష్టి తగిలిన జాడీ

పొద్దున్నించీ పిక్రియా వాకిలి ఊడుస్తూనే ఉంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది. చెవులు మాత్రం పక్కింటి గోడ మీదున్నాయి.

గోడకి అవతల తమాజ్ ఇవాళ జాడీ తెరుస్తున్నాడు. మెడదాకా నేలలో పాతిన పెద్ద మట్టిజాడీ అది. నిరుడు ద్రాక్షకోతలప్పుడు అందులో పోసిన వైన్ ఇవాళే వెలుగు చూడాలి. ఏటా మూత తీసిన కాసేపటికే అతగాడు వచ్చి ఈమె గేటు విరిగిపోయేలా బాదేవాడు.

"ఏమే మంత్రగత్తే! మళ్లీ పెట్టావా దిష్టి? వైనంతా పులిసిపోయింది, రా!"

ఆ ఊరి ఆచారం అంతే. జాడీకి దిష్టి తగిలితే, ఎవరి మీద అనుమానమో ఆ మనిషే వచ్చి జాడీ పక్కన కూచోవాలి. తొలి ముంత తాగి, దీవించి వెళ్లాలి. పిక్రియా మీద అనుమానం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. తుషెతి కొండల మీంచి దిగొచ్చింది. ఒంటరిది. పచ్చకళ్లు. నోరంటారా, అడక్కండి. కొండల కిందున్న ఈ కాఖేతీ ఊళ్లల్లో ఒక ఆడదాన్ని మంత్రగత్తెని చెయ్యడానికి ఇంకేం కావాలి?

"సాక్ష్యం చూపించవయ్యా, అప్పుడొప్పుకుంటా," అనేది తలగుడ్డ ముడేసుకుంటూ.

"సాక్ష్యమా? నీ కళ్లు చాలవూ!" అనేసి, అన్నాక అతనే ఎర్రబడేవాడు.

వెళ్లేది. ఆ పుల్లటి ముంత మొహం చిట్లించుకుని తాగేది. మంత్రంలా ఏదో గొణిగేది. అది తన మేకల పేర్లని ఎవరికీ తెలీదు. తర్వాత పొద్దుగూకేదాకా ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ కూచునేవాళ్లు. ఆమె లేచి వచ్చేటప్పుడు తమాజ్ చేతిలో ఒక అక్రోటు దండ పెట్టేవాడు, ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన మిఠాయి. మళ్లీ ఏడాదిదాకా ఆ మొహం ఈ గడప తొక్కేది కాదు.

దాచడమెందుకు, పిక్రియాకి అతనంటే ప్రాణం. కానీ తనంతట తాను చెబితే ఊరూరుకుంటుందా? మందు పెట్టిందంటారు. అతనే రావాలి. అతనే అనాలి.

ఇవాళ ఇంకా రాలేదు. గోడ అవతల తిట్లు లేవు, కేకలు లేవు. ఎవరో నవ్వుతున్నారు కూడా.

ఎదురింటి మక్వాలా రొప్పుతూ వచ్చింది. "ఏమే పిక్రియా, విన్నావా? ఈ ఏడు వైన్ అదిరిందట! తమాజ్ మేనత్త నుత్సా అయితే కాలు నేల మీద నిలవట్లేదు. వైన్ పులిసే ఇంటికి పిల్లని ఇవ్వం అన్నారుగా ఆ తెలావి పట్నం వాళ్లు? సాయంత్రమే కబురంపుతుందట. పెళ్లి ఖాయం!"

చీపురు ఆగింది.

"మంచిదేగా," అంది పిక్రియా.

"మంచిదే మరి. నీ మీద నిందా పోయింది, పండగ చేసుకో!"

పిక్రియా లోపలికెళ్లి తలుపేసుకుని, తలగుడ్డ కొసని నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తెలిసి తెలిసి చేసుకున్నావు, అనుభవించు," అని తనని తానే తిట్టుకుంది.

అప్పుడు గేటు దడదడలాడింది.

"ఏమే మంత్రగత్తే! మళ్లీ పెట్టావా దిష్టి?"

కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చేసింది. మక్వాలా అయితే నోరు మూయడం మర్చిపోయింది.

"పులిసిందా? మీ అత్త ఇందాకే కదయ్యా, అమృతమనీ..."

"అత్తకి జలుబు!" అరిచాడు తమాజ్. "నాలిక పనిచెయ్యట్లేదు ఆవిడకి! నువ్వు రావే!"

వెళ్లింది. అతను సొరకాయ బుర్రతో జాడీలోంచి తోడి ముంత నింపాడు. తేనెరంగు. పండిన ఆప్రికాట్ వాసన. ఒక గుక్క తాగింది. అబ్బ! అలాంటి వైన్ ఆ ఊళ్లో పదేళ్లుగా ఎవరూ తాగి ఉండరు. తమాజ్ ఆమె వంక చూడకుండా గోడకేసి చూస్తున్నాడు. చెవులు కందిపోయాయి.

"ఛీ ఛీ," అంది పిక్రియా. "నోట్లో పెట్టుకోలేం."

"అన్నానా!" ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒక్క ముంతకి పోయే దిష్టి కాదిది. ఇంకోటి పొయ్యి."

పోశాడు. తనూ ఒకటి పోసుకున్నాడు. మూడోది తాగుతుండగా నుత్సా గుమ్మంలోకొచ్చి నెత్తీనోరూ బాదుకుంది.

"ఒరే, బంగారం లాంటి వైనురా అది! తెలావి వాళ్లకి ఏం చెప్పమంటావురా?"

"పులిసిపోయిందని చెప్పు అత్తా."

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. తమాజ్ గొంతు సవరించుకున్నాడు.

"ఏటా గోడ అవతల్నుంచి పిలవలేక చస్తున్నాను. నువ్వీ ఇంట్లోనే ఉండి దిష్టి తీస్తూ ఉండరాదూ?"

"మంత్రగత్తెని కట్టుకుంటావా? ఊరేమంటుంది?"

"అననీ. ఊరికి అంతకంటే పనేముంది?"

"మరి ఇన్నేళ్లూ నా మీద వేసిన నిందలో?"

"తప్పయిపోయింది," అన్నాడు తమాజ్, ఆమె చెయ్యి పట్టుకుని. "నువ్వే పాపం ఎరగవని నాకు మొదట్నించీ తెలుసు."

పిక్రియా సిగ్గుపడినట్టు తలొంచుకుని, మొదటేడు వైన్ దానంతటదే పులిసినా, తర్వాత మూడేళ్లూ కోతలప్పుడు గోడ దూకొచ్చి ఈ జాడీలో కుండెడు వెనిగర్ గుమ్మరించింది తనేననీ, పులవకపోయినా వస్తాడో రాడో చూద్దామని నిరుడొక్కసారే మానేసిందనీ ఈ మహానుభావుడికి పెళ్లయ్యాక చెప్పొచ్చులే అనుకుంది.