లెఫ్టీ విసిరిన ఒక్క బంతి

"వంపు తిరిగే కర్వ్ బాల్ కాబట్టే బ్యాటర్ గాల్లోకి లేపి దొరికిపోయాడు!" వేయించిన చేపముక్క ఊపుతూ అన్నాడు గోర్డీ.

"నీ మొహం! అది ఫాస్ట్ బాల్," పక్క బల్ల నుంచి అరిచాడు వాలీ.

విస్కాన్సిన్‌లోని ఆ ఊళ్ళో శుక్రవారం చేపల విందంటే ఏళ్ళుగా ఇదే తంతు. కుర్రతనంలో ఆరిన్ టెష్ ఒకే ఒక్కసారి మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటలో దిగాడు. అప్పటికి ఇద్దరు అవుట్, ఫస్ట్ బేస్ దగ్గర, తర్వాతి బేస్‌కి పరుగెత్తాలని కాచుకుని, ఒక రన్నర్. ఆరిన్ ఎడమచేత్తో ఒక్క బంతి విసిరాడు, మూడోవాడు అవుట్. వెంటనే వాన. మర్నాటికి భుజం పట్టేసింది, అక్కడితో సరి. ఉరుములకు ఆ సాయంత్రం ఊళ్ళో రేడియో మూగబోయింది. పేపర్లో 'ఒక అవుట్' అని మాత్రమే పడింది. ఏ బంతో తేలక ఊరు రెండు బల్లలుగా చీలింది.

మొదట్లో ఆరిన్ చెప్పబోయాడు. ఆ గోలలో వినే నాథుడే లేడు. తర్వాత ఆయనకే చెప్పాలనిపించలేదు. రెండు బల్లలవాళ్ళూ "మా లెఫ్టీ" అంటూ పోటీపడి బీరు పోయిస్తుంటే ప్రాణం హాయిగా ఉండేది.

ఇవాళ మాత్రం ముద్ద దిగడం లేదు. ఆనాటి జట్టువాడు డెల్ ప్రూయిట్, దారిన పోతూ పలకరిద్దామని వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఇతను నోరు విప్పితే ఇక ఈ శుక్రవారాలుండవు.

"ఏమయ్యా, ఆ బంతి నువ్వు చూశావా?" గోర్డీ అడగనే అడిగాడు.

"చూడ్డమేంటి, పట్టిందే నేను."

వాలీ కుర్చీ ఇటు లాక్కున్నాడు.

"అయితే చెప్పు! కర్వా, ఫాస్టా?"

డెల్ రెండు బల్లలకేసీ చూశాడు. పాలిపోయిన ఆరిన్ మొహంకేసీ చూశాడు.

"అంత చక్కటి బంతి జన్మలో పట్టలేదు. కర్వో ఫాస్టో, పట్టిన నాకే తెలీదు. మీరే తేల్చుకోండి."

"తెలీలేదంటే కర్వే!"

"పోరా! అంత వేగం మరి!"

మళ్ళీ బల్లలు దద్దరిల్లాయి. ఆరిన్ తృప్తిగా రొట్టె తుంచి, "బతికించావురా," అన్నాడు గుసగుసగా.

"నేనేమన్నా అబద్ధమాడానా?" నవ్వాడు డెల్.

ఆ బంతి ఆరిన్ విసిరింది బ్యాటర్‌కి కాదు, బేస్ వదిలి కదిలిన రన్నర్‌ని అవుట్ చేయమని ఫస్ట్ బేస్ దగ్గరున్న డెల్‌కి.