సెల్లార్‌లో సబ్‌మెరైన్

షట్టర్ మీద దబదబా బాదుడు మొదలయ్యేసరికి సాంబమూర్తి మాస్టారు పీకల్లోతు నీళ్లలో ఉన్నారు. పాఠంలో లెండి!

బయట సకల జనుల సమ్మె. దిల్‌సుఖ్‌నగర్ అంతా మూత. సెల్లార్‌లో మాత్రం కాకినాడ మాస్టారి మోత. ఎల్లుండే నేవీ ఉద్యోగాల రాతపరీక్ష. నలభైమందికి మిగిలింది ఒక్కటే పాఠం. అందుకే షట్టర్ దించి మరీ చెబుతున్నారు. షట్టర్‌కి గొంతు తగ్గించే గుణం లేదని ఆయనకి తోచలేదు.

"1864లో మొదటిసారి ఒక యుద్ధనౌకని నీటి అడుగు నుంచి ముంచింది ఏది?"

"సబ్‌మెరైన్!" నలభై గొంతులు.

"ముంచాక ఏమైంది? అదీ మునిగింది! ఏది?"

"సబ్‌మెరైన్!"

షట్టర్ భళ్లున లేచింది. జెండా కర్రతో మహిపాల్, ఆ పేటలో ఉద్యమ నాయకుడు. వెనక ఇరవైమంది.

"ఏంది సారూ, ఏమంటున్నవ్? సబ్ మేరే హై? అన్నీ నీయేనా?"

"అయ్యో, అది కాదండీ బాబూ! సబ్‌మెరైన్!"

"మల్ల గదే మాట! బయట సకల జనుల సమ్మె, లోపట సకలం నాదే అంటవా? నీళ్లు నీయే, నిధులు నీయే, నియామకాలు నీయే?"

"నీళ్లలోదే బాబూ, కానీ..."

"చూసిన్రా, నీళ్లు ఒప్పుకుండు!"

వెనక బెంచీ నుంచి స్పందన లేచింది. పేరుకి తగ్గట్టు క్లాసులో అందరికంటే ముందు స్పందించేది ఆ పిల్లే.

"అన్నా, జలాంతర్గామి అన్నా! నీళ్లల్ల మునిగే ఓడ. పరీక్షల వస్తది. మాది నల్లగొండనే. జర సారును చెప్పనియ్యి."

"మునిగే ఓడకు పరీక్ష ఎందుకు చెల్లే?" మహిపాల్ గొంతు ఒక మెట్టు దిగింది.

"మునిగితేనే అది పాసైనట్టు బాబూ!" మాస్టారు ఊపందుకున్నారు. "కంటికి కనపడదు. చప్పుడు చెయ్యదు. పైవాడు కనిపెట్టాడో, నెత్తిమీద వేస్తాడు నీళ్లలో పేలే బాంబు, డెప్త్ చార్జ్!"

"లాఠీచార్జ్!" బయట నుంచి కేక. వెనకే పోలీసు బూట్ల టకటక.

మహిపాల్ దళం ఒక్క దూకుతో లోపల పడింది. షట్టర్ కిందికి జారింది.

"సారూ, జర మమ్మల్ని గూడ ముంచు!"

"ముంచుతా, నోరు మూసుకుంటే."

నలభైమంది పట్టే సబ్‌మెరైన్‌లో అరవైమంది. నిన్నటిదాకా ఎవరి ఊరు ఏదైనా, ఇప్పుడందరిదీ ఒకే లోతు. ఊపిరి కూడా వాయిదా వేసుకున్నారు. బూట్ల చప్పుడు షట్టర్ దాకా వచ్చింది. ఆగింది. దాటిపోతోంది...

"హాఛ్!"

మహిపాల్ మనిషి మట్టయ్య ముక్కు నుంచి టార్పెడో వెలువడింది.

షట్టర్ మళ్లీ లేచింది. లాఠీతో ఎస్సై. "బంద్ రోజు ఏం జరుగుతోందిక్కడ?"

"బంద్ గింద్ ఏం లేదు సార్!" అన్నాడు, బంద్ చేయించడానికొచ్చిన మహిపాల్. "మంచిగ క్లాసు నడుస్తుంది!"

ఎస్సై బెంచీల కిందికి వంగి చూశాడు. జెండా కర్రలు. మాస్టారి వైపు తిరిగాడు.

"నిజం చెప్పు. వీళ్లంతా ఎవరు?"

మాస్టారు మహిపాల్ వైపు చూశారు. అతను బెంచీ కింద రెండు చేతులూ జోడించి ఉన్నాడు. పొద్దుటి నుంచీ మాస్టారి నోట్లో నానుతున్న ముక్కే బయటికొచ్చింది.

"సబ్... మేరే హై సార్."

ఎస్సై ముఖం వెలిగిపోయింది. "మూడు వీధుల నుంచి ఈ గుంపు లీడర్ కోసమే వెతుకుతున్నా. పద, వ్యానెక్కు!"